వేణ్ణీళ్ళలో కుళ్ళిన గుడ్డు వాసన: మెకానిక్ తీసేస్తానన్నది ఏ రాడ్డు?

ప్రశ్న: మాది హైదరాబాద్ శివార్లలో కొత్త కాలనీ. మంజీరా నీళ్ళు మా వీధికి ఇంకా రాలేదు, అన్నిటికీ బోరు నీళ్ళే. సంక్రాంతికి తెనాలి దగ్గర మా ఊరెళ్ళి పన్నెండు రోజుల తరవాత వచ్చాం. వచ్చిన రోజు పై బాత్రూమ్‌లో గీజర్ వేసి కుళాయి తిప్పితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన. వారమైనా పోలేదు. రోజూ వాడే కింద బాత్రూమ్ గీజర్‌లో మాత్రం ఏ వాసనా లేదు. మేం గుడ్డు కూడా తినం. అత్తయ్యగారు ఆ నీళ్ళు ఒంటిమీద పోసుకోనని ఈ చలిలో చన్నీళ్ళే పోసుకుంటున్నారు. మెకానిక్ వచ్చి, "రాడ్ వల్ల వస్తోంది మేడమ్, తీసేస్తే పోతుంది" అన్నాడు. మావారేమో కొత్తది కొనేద్దామంటున్నారు. ఇది 25 లీటర్లది, కొని మూడేళ్ళే అయింది. అసలు రాడ్ తీసేస్తే నీళ్ళు ఎలా వేడెక్కుతాయి? ఆ వాసన వల్ల ఆరోగ్యానికి ఏమైనా అవుతుందా? టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ మెకానిక్ అబద్ధం చెప్పలేదు. ఆ రాడ్ తీసేస్తే వాసన చాలావరకు పోతుంది. దాంతోపాటు గీజర్ ఆయుష్షు కూడా పోతుంది. అందుకని అతన్ని ఇంకోసారి పిలిచే ముందు ఈ ఉత్తరం పూర్తిగా చదవండి. కొత్త గీజర్ గురించి మీవారికి ఇప్పుడే తొందరేం లేదని చెప్పండి. కొత్తదాంట్లోనూ ఇలాంటి రాడ్డే ఉంటుంది, మీ బోరు నీళ్ళు ఆ నీళ్ళే. వచ్చే ఏడాది సంక్రాంతికి ఊరెళ్ళి వస్తే మళ్ళీ ఇదే కథ.

ముందు ఈ "రాడ్" సంగతి తేల్చుకుందాం. మన ఇళ్ళల్లో రాడ్ అంటే బకెట్లో వేసి నీళ్ళు కాచుకునే హీటర్ రాడ్డే గుర్తొస్తుంది. అందుకే మీకా సందేహం వచ్చింది. గీజర్ లోపల నీళ్ళు వేడిచేసేదాన్ని మెకానిక్‌లు ఎలిమెంట్ అనో కాయిల్ అనో అంటారు. దాని పక్కనే, అదే మూతకి బిగించి, వేలంత లావున ఇంకో కడ్డీ ఉంటుంది. దానికి కరెంటుతో సంబంధం లేదు. అది యానోడ్ రాడ్. ఎక్కువగా మెగ్నీషియంతో చేస్తారు. మీవాడు తీసేస్తానన్నది దాన్నే. తీసినా నీళ్ళు మామూలుగానే కాగుతాయి కాబట్టి ఏదో నష్టం జరిగిందని మీకు తెలియను కూడా తెలియదు, ఒకరోజు గీజర్ కింద నుంచి నీళ్ళు కారేదాకా.

ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. ముప్పై ఏళ్ళు మెయింటెనెన్స్ పనిలో ఉన్నవాణ్ణి, అయినా మా సొంత ఇంట్లో ఒక మెకానిక్ మాట విని ఆ రాడ్ తీయించేశాను. వాసన పోయింది, హాయిగా ఉంది అనుకున్నాం. రెండో ఏడాది తిరిగేసరికి ట్యాంకు అడుగున తుప్పు నీళ్ళు బొట్లు బొట్లుగా పడ్డాయి. ట్యాంకుకి చిల్లు పడితే మాట్లు వేయడం కుదరదు, పారేయడమే. అప్పటి నుంచి మా ఆవిడ నా ఉద్యోగం గురించి ఎవరన్నా అడిగితే ఈ సంగతే ముందు చెబుతుంది.

ఆ కడ్డీ చేసే పని ఏమిటంటే, మీ గీజర్ ట్యాంకు ఉక్కుది. లోపల గాజు పూత ఉంటుంది. గాజు పొడిని పూసి 800 డిగ్రీల పైన కొలిమిలో కాలిస్తే పింగాణీ గిన్నె మీద పూతలాగా అతుక్కుంటుంది. ఆ పూత ఎంత బాగా వేసినా అతుకుల దగ్గర, మూలల్లో సూది మొనంత లోపాలు ఉండిపోతాయి. అక్కడ నీరు ఉక్కును తాకుతుంది, తుప్పు మొదలవుతుంది. పక్కన మెగ్నీషియం కడ్డీ ఉంటే కథ మారుతుంది. ఒకే నీళ్ళలో తగిలి ఉన్న రెండు లోహాల్లో తొందరగా కరిగే గుణమున్నది కరుగుతుంది, రెండోది బతికిపోతుంది. ఇనుముకన్నా మెగ్నీషియం ఎన్నోరెట్లు తొందరపడుతుంది. అంటే ఆ కడ్డీ తాను అరిగిపోతూ ట్యాంకును కాపాడుతుంది. అరిగిపోవడమే దాని ఉద్యోగం.

ఈ ఉపాయం మొదట ఓడల కోసం పుట్టింది. 1824లో హంఫ్రీ డేవీ అనే ఆంగ్ల శాస్త్రవేత్త, బ్రిటిష్ నౌకాదళం ఓడల అడుగున కొట్టిన రాగి రేకులను సముద్రపు నీళ్ళు తినేయకుండా జింక్, ఇనుప ముక్కలు తగిలించమన్నాడు. తగిలించారు, రాగి అరగడం ఆగింది. అయితే రాగి కరుగుతున్నప్పుడు ఆ విషానికి దగ్గరికి రాని నాచు, గుల్లలు, రాగి కరగడం ఆగిపోగానే ఓడ అడుగున దట్టంగా పట్టేశాయి. ఓడలు నడవడమే కష్టమైంది. లోహాన్ని కాపాడబోతే జీవాలు వచ్చి చేరాయి. మీ పై బాత్రూమ్‌లో జరిగింది కూడా ఇంచుమించు ఇదే.

బోరు నీళ్ళలో సల్ఫేట్ అనే లవణం ఎంతో కొంత ఉంటుంది. ఉండటం తప్పు కాదు. తాగేనీళ్ళకు మన భారతీయ ప్రమాణం లీటరుకు 200 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటుంది, వేరే నీళ్ళు దొరకని చోట 400 దాకా. ఆ నీళ్ళలోనే ప్రాణవాయువు అక్కర్లేకుండా బతికే ఒక రకం బ్యాక్టీరియా కూడా ఉంటుంది. అది సల్ఫేట్‌ను హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువుగా మారుస్తుంది. కుళ్ళిన గుడ్డు వాసన ఆ వాయువుదే. ఆ బ్యాక్టీరియాకి కావలసింది మూడు: కదలని నీళ్ళు, గోరువెచ్చదనం, కాస్త హైడ్రోజన్. మెగ్నీషియం కడ్డీ కరిగేటప్పుడు హైడ్రోజన్ పుడుతుంది. కదలని నీళ్ళు మీరు ఊరెళ్ళినప్పుడు దొరికాయి. గోరువెచ్చదనం మాత్రం మన అలవాటు పుణ్యం. పావుగంట గీజర్ వేస్తాం, స్నానం కాగానే కరెంటు బిల్లు గుర్తొచ్చి ఆపేస్తాం. ట్యాంకు చుట్టూ వేడి పోకుండా ఫోమ్ ఉంటుంది కాబట్టి మిగిలిన నీళ్ళు గంటల తరబడి నులివెచ్చగానే ఉంటాయి. ఆ క్రిములకు అంతకన్నా మంచి ఇల్లు ఉండదు. కింద బాత్రూమ్‌లో నీళ్ళు రోజూ నాలుగైదు బకెట్లు మారుతుంటాయి, కాగుతుంటాయి. దానికి వాసన లేకపోవడానికి కారణం అదే అయ్యుండాలి.

మునిసిపల్ నీళ్ళు వచ్చే ఇళ్ళల్లో ఈ గొడవ తక్కువ. ఆ నీళ్ళలో క్లోరిన్ మిగిలి ఉంటుంది కనుక క్రిములు ఎదగవు.

అయినా ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. రెండు గాజు గ్లాసులు తీసుకుని ఒకదాంట్లో చన్నీళ్ళు, రెండోదాంట్లో గీజర్ నీళ్ళు పట్టండి. బాత్రూమ్‌లో నిలబడి వాసన చూడకండి, వరండాలోకో డాబా మీదకో తీసుకెళ్ళి చూడండి. మీ ముక్కు వారం రోజులుగా ఆ వాసనకు అలవాటు పడిపోయి ఉంటుంది కాబట్టి పక్కింటివాళ్ళ చేత వాసన చూపిస్తే ఇంకా మంచిది. వేణ్ణీళ్ళు మాత్రమే వాసన వస్తే దోషం గీజర్‌లో. రెండూ వస్తే బోరులోనో, సంపులోనో, పైన ట్యాంకులోనో. రెండు గ్లాసులూ బయట బాగానే ఉండి బాత్రూమ్‌లోనే వాసన వస్తే మోరీ జాలీ కింద నిలిచి, మురుగు వాసన పైకి రాకుండా ఆపే నీళ్ళు ఎండిపోయాయని అర్థం. ఇల్లు పన్నెండు రోజులు మూసి ఉంటే అదీ జరుగుతుంది. అలాగైతే రెండు చెంబుల నీళ్ళు మోరీలో పోస్తే సరి, గీజర్‌ను ముట్టుకోనక్కర్లేదు. నాకు ఇలాంటి ఉత్తరం రాసినవాళ్ళలో ఇద్దరికి తేలింది మోరీయే.

చన్నీళ్ళు కూడా వాసన వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకండి. సెప్టిక్ ట్యాంకుకి బోరు ఎంత దూరంలో ఉందో చూసుకోండి, నీళ్ళు పరీక్ష చేయించండి. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో నీళ్ళ పరీక్ష చేస్తారు. జిల్లాల్లో గ్రామీణ నీటి సరఫరా శాఖవాళ్ళ ల్యాబ్‌లున్నాయి.

ఆరోగ్యం సంగతి అడిగారు. గీజర్‌లో పుట్టే ఈ వాసన చిరాకు పెట్టేదే గానీ, కిటికీ తెరిచి స్నానం చేస్తే ప్రమాదం కాదు. మన ముక్కు ఆ వాయువును చాలా కొద్ది మోతాదులోనే పసిగడుతుంది. తాగేనీళ్ళలో సల్ఫైడ్ లీటరుకు 0.05 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. కాబట్టి ఆ నీళ్ళు తాగడానికీ వంటకీ వద్దు. అసలు ఏ గీజర్ నీళ్ళూ కాఫీకి, అన్నానికి వాడొద్దనే నేను చెబుతాను. వెండి పట్టీలు, మట్టెలు ఆ నీళ్ళకు తొందరగా నల్లబడితే కంగారు పడకండి, తోమితే పోతుంది.

ఇంకో మాట, ఇది మాత్రం గట్టిగా చెబుతున్నాను. వాసన పోవాలని బాత్రూమ్‌లో అగరుబత్తి వెలిగించకండి. ఇందాక చెప్పిన హైడ్రోజన్, ఇల్లు రెండు వారాల పైన మూసి ఉంటే ట్యాంకు పైభాగంలో చేరుకోవచ్చు. అది అంటుకునే వాయువు. అంతకాలం తరవాత వేణ్ణీళ్ళ కుళాయి మొదటిసారి తిప్పేటప్పుడు స్విచ్ వేయకుండా, కిటికీ తెరిచి, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకుని కొన్ని నిమిషాలు నీళ్ళు వదలండి.

ఇక మందు. మొదటిది ఖర్చు లేనిది, ఈ రాత్రికే చేయొచ్చు. గీజర్ కింద ఉష్ణోగ్రత నాబ్ ఉంటే చివరిదాకా తిప్పండి. చాలా గీజర్లు 75 డిగ్రీల దాకా వెళ్తాయి. లైటు ఆరాక కూడా స్విచ్ ఆపకుండా ఇంకో గంటన్నర, రెండు గంటలు అలాగే ఉంచండి. 60 డిగ్రీలు దాటి ఎక్కువసేపు ఉంటే ఆ క్రిములు చస్తాయి. తరవాత స్విచ్ ఆపి, వేణ్ణీళ్ళ కుళాయి నుంచి నాలుగు బకెట్లు పట్టి పారబోయండి. ఒక్క బకెట్‌తో సరిపెట్టకండి. కుళాయి తిప్పితే గీజర్ ఖాళీ అవదు, కింద నుంచి చన్నీళ్ళు వచ్చి పైనున్న వేణ్ణీళ్ళను తోస్తాయి. ట్యాంకు ఎప్పుడూ నిండే ఉంటుంది. ఈ పని చేస్తున్నంతసేపూ పిల్లల్ని, అత్తయ్యగారిని ఆ బాత్రూమ్‌లోకి రానివ్వకండి. 60 డిగ్రీల నీళ్ళు ఒంటిమీద ఐదారు సెకన్లు పడితే చాలు, పెద్దవాళ్ళకు కూడా బొబ్బలెక్కుతాయి. పని అయ్యాక నాబ్ మళ్ళీ వెనక్కి తిప్పడం మరిచిపోకండి.

మీలాగా ఇల్లు మూసి వచ్చినవాళ్ళకు చాలామందికి దీంతోనే తీరిపోతుంది. వారం, పది రోజుల్లో వాసన తిరిగొస్తే క్రిములు పైపుల్లోనూ, ట్యాంకు అడుగున పేరుకున్న సున్నంలోనూ దాక్కున్నాయని అర్థం. అప్పుడు బ్లీచింగ్ చేయాలి.

దీనికి లెక్క లీటరు నీళ్ళకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్. డాబా మీది ట్యాంకులో 300 లీటర్లు ఉంచి మిగతావి వదిలేయండి. కొత్త ప్యాకెట్ బ్లీచింగ్ పౌడర్‌లో మూడోవంతు దాకా క్లోరిన్ ఉంటుంది కనుక 50 గ్రాములు సరిపోతుంది. పాత ప్యాకెట్ అయితే సత్తువ పోయి ఉంటుంది, వాడకండి. పొడిని నేరుగా ట్యాంకులో కుమ్మరించకూడదు. ప్లాస్టిక్ బకెట్ నీళ్ళలో కలిపి అరగంట వదిలితే సున్నం అడుక్కి దిగుతుంది, పైన తేటను మాత్రం ట్యాంకులో పోయాలి. గీజర్ స్విచ్ ముందే ఆపి చల్లారనివ్వండి. వాటర్ ప్యూరిఫైయర్‌కి, నీళ్ళలో సున్నం తగ్గించే సాఫ్ట్‌నర్ ఉంటే దానికి వెళ్ళే వాల్వులు కట్టేయండి, లేదంటే క్లోరిన్ లోపలి పొరలను పాడుచేస్తుంది. పై బాత్రూమ్ వేణ్ణీళ్ళ కుళాయి తిప్పి, బ్లీచింగ్ వాసన వచ్చేదాకా నీళ్ళు వదిలి కట్టేయండి. మిగతా కుళాయిలు కూడా అలాగే. రాత్రంతా ఉంచి పొద్దున్నే ఆ వాసన పోయేదాకా మంచినీళ్ళతో కడిగేయండి. ట్యాంకులో మిగిలిన బ్లీచింగ్ నీళ్ళను సెప్టిక్ ట్యాంకులోకి వదలకుండా బయట మొక్కలు లేని చోట పారబోయండి. గీజర్ ట్యాంకు గాజు పూతది కాక స్టెయిన్‌లెస్ స్టీల్‌ది అయితే రాత్రంతా వద్దు, గంటలో కడిగేయండి.

బాత్రూమ్ కడిగే యాసిడ్ మాత్రం ఆ రోజు బయటకు తీయొద్దు. బ్లీచింగ్, యాసిడ్ కలిస్తే వచ్చే క్లోరిన్ వాయువు ఊపిరి ఆడనివ్వదు.

మూడోది రాడ్ చూడటం. ఇది మెకానిక్ పనే, మీరు చేయకండి. గీజర్‌కి కరెంటు వచ్చే ఎంసీబీ స్విచ్ దింపించి, గీజర్‌లో నీళ్ళన్నీ తీయించి, కింద మూత విప్పించండి. రాడ్‌ను మీ కళ్ళతో చూడండి. అక్కడక్కడా గుంటలు పడి, సగానికిపైగా లావు మిగిలుంటే శుభ్రం చేసి మళ్ళీ పెట్టించొచ్చు. మధ్యలో ఉక్కు తీగ బయటపడితే, లేదా రాయిలాగా సున్నం పట్టేసి ఉంటే మార్పించాల్సిందే. ఎలిమెంట్‌కి పట్టిన సున్నాన్ని బయట బకెట్లో నానబెట్టి తీయమనండి. కొందరు పని త్వరగా అవుతుందని యాసిడ్‌ను నేరుగా గీజర్లో పోస్తారు, రాడ్ బిగించి ఉండగానే. యాసిడ్‌లో మెగ్నీషియం నురుగులు కక్కుతూ కరిగిపోతుంది. సున్నంతోపాటు ఏడాది ఆయుష్షు కూడా మోరీలో పోయినట్టే. మూతకుండే రబ్బరు గాస్కెట్ కూడా కొత్తది వేయించండి, పాతది మళ్ళీ బిగిస్తే కారుతుంది.

వాసన మొండికేసి మాటిమాటికీ వస్తుంటే, అప్పుడు రాడ్ లోహం మార్చే ఆలోచన చేయొచ్చు. తీసేయడం వేరు, మార్చడం వేరు. అల్యూమినియంలో కాస్త జింక్ కలిపిన రాడ్లు ఉంటాయి. మెగ్నీషియం అంత దూకుడుగా కరగవు, అందువల్ల హైడ్రోజన్ తక్కువ పుడుతుంది, వాసనా తగ్గుతుంది. సున్నం ఎక్కువున్న నీళ్ళలో ఎక్కువకాలం వస్తాయి కూడా. వీధి చివర షాపులో అడిగితే ఎలిమెంట్ చేతికిస్తారు, కాబట్టి మీ గీజర్ మోడల్ నంబర్‌తో కంపెనీ సర్వీస్‌వాళ్ళనే అడగండి. పొడవు, మర సరిగ్గా సరిపోవాలి. ఉత్త జింక్ రాడ్ ఇస్తామంటే వద్దనండి. నీళ్ళు 60 డిగ్రీలు దాటితే కొన్ని రకాల నీళ్ళలో జింక్ తన పని మరిచి, ఉక్కునే తినిపించే వైపుకు మారుతుంది. వారంటీ కార్డు కూడా ఒకసారి చదవండి. రాడ్ లేదని తేలితే ట్యాంకు వారంటీ దగ్గర పేచీ మొదలవుతుంది.

కాలనీలో ఎవరైనా సాఫ్ట్‌నర్ పెట్టించమని సలహా ఇస్తే, పెట్టించుకోండి గానీ అది ఈ వాసనకు మందు అనుకోకండి. ఉప్పుతో నడిచే సాఫ్ట్‌నర్ నీళ్ళలో రాడ్ ఇంకా తొందరగా అరుగుతుంది. ఏడాదికోసారి మూత విప్పించి చూడాలి. ఆ మాటకొస్తే మీ బోరు నీళ్ళకు ఎలాగూ ఏడాదికోసారి చూపించడం మంచిదే, చలికాలం రాకముందు.

అమెరికాలో ఉన్న మా తమ్ముడి కొడుకు కూడా ఇదే వాసనకు ఫోన్ చేశాడు. ఊరికి దూరంగా ఇల్లు కొన్నాడు, సొంత బావి నీళ్ళు. అక్కడ హీటర్ మనలాగా గోడకు ఉండదు, గ్యారేజ్‌లో నిలువెత్తు 50 గ్యాలన్ల డ్రమ్ము, అంటే 190 లీటర్లు. రోజంతా వేసే ఉంటుంది, కాకపోతే 120 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, అంటే మన లెక్కలో 49. క్రిములను చంపడానికి చాలని వేడి. రాడ్ పైనుంచి దిగుతుంది, విప్పాలంటే ఇద్దరు మనుషులు, పొడవాటి రెంచ్ కావాలి. వాడు చివరికి టైటానియం రాడ్ పెట్టించాడు. అది కరగదు, గోడ ప్లగ్ నుంచి సన్నటి కరెంటు పంపి ట్యాంకును కాపాడుతుంది. మీ 25 లీటర్ల గీజర్‌కి అంత హంగు అక్కర్లేదు.

మళ్ళీ ఊరెళ్ళేటప్పుడు, వారం దాటేట్టుంటే, బయల్దేరే రోజు స్విచ్ ఆపి వేణ్ణీళ్ళ కుళాయి నుంచి మూడు, నాలుగు బకెట్లు వదిలేయండి, ట్యాంకులోకి చన్నీళ్ళు వచ్చేస్తాయి. వచ్చిన రోజు కిటికీ తెరిచి ఆ నీళ్ళు ఓసారి పారబోసి, నాబ్ పెంచి రెండు గంటలు కాచి, అప్పుడు స్నానాలు.

ఈ రాత్రి పని అయ్యేదాకా అత్తయ్యగారికి కింద బాత్రూమ్ ఇవ్వండి. జనవరి చలిలో చన్నీళ్ళ స్నానం ఆవిడకు ఈ వాసనకన్నా ఎక్కువ చేటు.